మొహమాటం లేని మేనేజర్లే సరిహద్దు దాటారు

పోయిన నెల జర్మనీలో మా మాగ్డెబర్గ్ తెలుగువాళ్ళ భోజనాల దగ్గర నిఖిత అనే అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది, ఊరు హన్మకొండ. ప్లేట్లో పులిహోర అలాగే ఉంచి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"ఆంటీ, నాకు సప్లయర్ క్వాలిటీల వెర్క్‌స్టూడెంట్ జాబొచ్చింది, చదువుకుంటనే చేసేది. సెర్బియా, మాసిడోనియా సైడు చిన్న చిన్న కంపెనీలను చూసుకోవాలంట. మీరు ముప్పై ఏండ్లు గదే పని జేసిండ్రంట గదా. అసలు వాళ్ళల్ల ఏం జూడాలె?"

"చెక్‌లిస్టు ఇచ్చుంటారు కదమ్మా?"

"ఇచ్చిండ్రు. నూట పది ప్రశ్నలున్నై."

"అందులో ఓనరు గురించి ఎన్నున్నాయి?"

ఫోను తీసి పైనుంచి కిందిదాకా జరుపుకుంటూ వెళ్ళింది. "పేరు, ఫోన్ నంబరు. రెండే ఉన్నై ఆంటీ."

మిగిలిన నూట ఎనిమిదింటికీ జవాబు ఆ ఓనరు బుర్రలోనే ఉంటుందని చెప్పాను. ఎట్లా అని అడిగింది. పక్కన పాయసం చల్లారిపోతోంది, చెప్పాల్సింది చాలా ఉంది. రాసి ఇస్తానని మాటిచ్చాను. నిఖితకే కాదు, ఈ పనిలోకి వచ్చే మన పిల్లలందరికీ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, నేను ఎన్ని ఫారాలు నింపానో ఎవరికీ అక్కర్లేదు, అవి వదిలేస్తున్నాను.

అసలు పని

మాది పంపుల కంపెనీ. ఊళ్ళకి మంచినీళ్ళు తోడే పెద్ద పంపులు. పంపుకి బయట ఉండే పోత ఇనుప డొల్లని బాడీ అంటాం. దాన్ని ఇసుక అచ్చులో పోస్తారు. పోసేటప్పుడు లోపల గాలి బుడగ చిక్కుకుంటే పైకి ఏమీ తెలియదు, నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టినప్పుడు చెమర్చుతుంది. అంతే, అది తుక్కు.

జర్మనీలో చుట్టుపక్కల ఫౌండ్రీలు ఒక్కటొక్కటే మూతపడుతుంటే, ఆ బాడీలు పోసేవాళ్ళని తూర్పు వైపు దేశాల్లో వెతకడం నా ఉద్యోగం. ఒకప్పుడు ఆ దేశాల్లో ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివే. ఏం చెయ్యాలో పైనుంచి కాగితం వచ్చేది, చేసింది ఎవరు కొంటారన్న బెంగ మేనేజరుకి ఉండేది కాదు. తర్వాత ఆ ఏర్పాటంతా పోయింది. మూతపడిన ఫ్యాక్టరీల్లోంచి బయటికొచ్చిన వాళ్ళు ఒక కొలిమి, పది మంది మనుషులు పెట్టుకుని సొంతంగా మొదలుపెట్టారు. మనం చూడబోయేది వాళ్ళనే.

పెద్ద కంపెనీ అయితే దానికో పద్ధతి ఉంటుంది, మనుషులు మారినా నడుస్తుంది. ఇరవై మంది ఉన్న కంపెనీకి మేనేజరే పద్ధతి. ఆయన భయస్తుడైతే కంపెనీ భయపడుతుంది. ఆయన అబద్ధమాడితే కంపెనీ అబద్ధమాడుతుంది. మోల్డోవాలో ఒకాయన ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆయన మూడు వారాలు ఆసుపత్రిలో ఉంటే ఆ కంపెనీ ఎగుమతులు కూడా ఆసుపత్రిలోనే పడుకున్నాయి. ఇదంతా నాకు ఉద్యోగంలో చేరిన రోజే తెలుసని అనుకోకండి. రెండు గట్టి దెబ్బలు తిన్నాక తెలిసింది.

ఇంగ్లీషు బాగా వచ్చిన మిలాన్

మొదటి దెబ్బ మిలాన్. నలభై ఏళ్ళవాడు, సెర్బియాలో ముప్పై మంది పనిచేసే ఫౌండ్రీ. వియన్నాలో చదువుకున్నాడు. ఇక్కడి మెస్సేలో, అంటే మెషీన్ల ఎగ్జిబిషన్లో కలిశాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడాడు, ముప్పై స్లైడ్లు చూపించాడు, నా ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పాడు.

నేను పడిపోయాను. ఎందుకు పడిపోయానో దాచుకోకుండా చెబుతాను. నేను పెరిగింది ఖమ్మంలో. మా ఇంట్లో ఎవరి గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న ఏం చదివాడు, రెండో ప్రశ్న ఇంగ్లీషు వచ్చా. ఈ రెండూ ఉంటే మిగతావన్నీ ఉన్నట్టే లెక్క. జర్మనీకొచ్చి ఇన్నేళ్ళయినా నా కళ్ళకి ఆ అద్దాలే ఉన్నాయి. మిలాన్‌ని చూడగానే సంబంధం ఖాయం చేసుకున్నంత పని చేశాను.

శాంపిల్‌గా ఆరు బాడీలు పంపాడు. ఒక్క బుడగ లేదు, రంగు కూడా వేసి పంపాడు. చెక్‌లిస్టులో నూటికి ఎనభై ఎనిమిది వచ్చింది. ఆర్డరు ఇచ్చాం. మొదటి లారీ దిగింది, మా మెషీన్ షాపులో అంచులు కోసి టెస్ట్ బెంచ్ మీద ప్రెషర్ పెడితే మూడోవంతు చెమర్చాయి. ఫోను చేశాను. "నో ప్రాబ్లమ్, మేడమ్" అన్నాడు. కారణమేంటని అడిగితే మళ్ళీ నో ప్రాబ్లమే. వచ్చే లారీ ఎప్పుడంటే కూడా నో ప్రాబ్లమే.

తర్వాత ఎప్పటికో తెలిసింది. ఆ ఆరు శాంపిళ్ళూ పోసింది అతని దగ్గరున్న ఒకే ఒక్క పెద్ద మేస్త్రి. మా ఆర్డరు చేరిన నెలలోనే ఆ మేస్త్రి ఆస్ట్రియాలో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ ముక్క మాకు చెప్పడానికి మిలాన్‌కి నోరు రాలేదు. వాడు మోసగాడు కాదు. కస్టమరు దగ్గర చిన్నబోవడం ఇష్టం లేని మనిషి, అంతే. ఈ వ్యాపారంలో మోసగాడి కంటే వాడే ఎక్కువ నష్టం తెస్తాడు, ఎందుకంటే మోసగాణ్ణి మనం ముందే పసిగడతాం.

మా బాస్ హెర్ విట్‌కే మాగ్డెబర్గ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో ఇక్కడి ప్రభుత్వ యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేశారు. తిట్టడం రాదు, ఒక్క మాట అంటారు, అది వారం పాటు నొప్పి పెడుతుంది.

"ఫ్రావ్ కొత్తపల్లి, మీరు ఆయన ఇంగ్లీషుని కొన్నారు. దాన్ని బెంచ్ మీద బిగించి ప్రెషర్ పెట్టండి, ఆగుతుందేమో చూద్దాం."

భాష అక్కర్లేదని నేననడం లేదు. భాష రాని మేనేజరు మెస్సే దాకా కూడా రాలేడు. కానీ భాష తలుపు తీస్తుంది, లోపలికి వచ్చాక ఏం మాట్లాడతారన్నది వేరే సంగతి.

వెస్నా ఇంట్లో భోజనం

రెండో ఫౌండ్రీ వెతకమని విట్‌కే నన్ను మళ్ళీ సెర్బియా పంపారు. అయిదింటిని చూశాను. అయిదోది ఒక చిన్న ఊరి బయట రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. ఇరవై రెండు మంది. ఓనరు వెస్నా, యాభై ఏళ్ళ మనిషి, పొట్టి జుట్టు, చేతుల నిండా మసి. మూతపడిన ప్రభుత్వ ఫౌండ్రీలో ఇరవై ఏళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చిన్నప్పుడు తండ్రి స్టుట్‌గార్ట్‌లో కూలి పని చేస్తుంటే అయిదేళ్ళు అక్కడ పెరిగింది, అప్పటి పిల్లల జర్మన్ మాత్రం మిగిలింది. ఆ జర్మన్లో అందరూ నువ్వే, మీరు అనే మాట లేదు.

ఎక్కడికి వెళ్ళినా ఓనర్లు ముందు కొత్త మెషీన్ చూపిస్తారు. ఈవిడ నన్ను నేరుగా షెడ్డు వెనక తుక్కు గుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. పాడైన ప్రతి బాడీ మీదా ఎర్ర సుద్దతో లోపం చుట్టూ గీత, పక్కన కారణం. ఇసుక తడిగా ఉంది, ఇనుము చల్లారిపోయింది, నేను తొందరపడ్డాను. ఆ చివరిది కూడా రాసుకుంది.

"నువ్వు ముందు ఇది చూడు. మంచివి తర్వాత చూపిస్తా" అంది.

నేనేం చేశానో చెప్పనా? చెక్‌లిస్టు తీసి, తుక్కు ఎక్కువగా ఉంది అని రాసి మార్కులు కోసేశాను. సర్టిఫికెట్ లేదని కోశాను, ఇంగ్లీషు లేదని కోశాను. మొత్తం నలభై ఒకటి వచ్చింది. అరవై లోపు వస్తే వెళ్ళినవాళ్ళే స్వయంగా కాదని చెప్పాలి, అది మా కంపెనీ నియమం.

అప్పుడు ఆవిడ నన్ను ఇంటికి భోజనానికి పిలిచింది. నేను మాంసం తిననని దారిలో అన్నాను. వాళ్ళ మతంలో ఉపవాసం రోజుల్లో మాంసం, పాలు ఏమీ ముట్టరట. ఆ వంట బాగా వచ్చిన పొరుగింటావిణ్ణి పిలిచి, ఉల్లిపాయలతో కాల్చిన చిక్కుడు గింజలు, అన్నమూ అక్రోటు పప్పూ కూరిన క్యాప్సికమ్ చేయించింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అన్ని దేశాలు తిరిగాను, సలాడ్ ఆకులు నా ముందు పడేసేవాళ్ళే తప్ప నాకోసం వండినవాళ్ళు లేరు.

తిన్నాక వెస్నా చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. అవునా? కాదా?"

వాళ్ళింటి అన్నం ఇంకా నా నోట్లోనే ఉన్నట్టుంది. కాదని ఎట్లా అంటాను? "మీ పని చాలా నచ్చింది. మావాళ్ళతో మాట్లాడాలి, చూద్దాం" అన్నాను. మన దగ్గర ఎవరైనా అట్లా నవ్వుతూ చూద్దాం అంటే ఇక ఆశ వదులుకోమని అర్థం, ఇంటికెళ్ళే దారిలోనే తెలిసిపోతుంది. వెస్నాకి ఆ మర్యాదలు తెలియవు. నచ్చిందంటే నచ్చిందనే అనుకుంది.

తర్వాత మూడు మెయిళ్ళు రాసింది. మూడింటికీ తియ్యగా జవాబిచ్చాను, ఒక్కదాంట్లోనూ కాదు అన్న మాట లేదు. మా ఆయన రమేశ్‌ది కరీంనగర్. వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారమంతా అక్కడే ఉండి శనాదివారాలు ఇంటికొచ్చేవారు. ఒక ఆదివారం టీ తాగుతూ నేను ఆ మూడో జవాబు చదివి వినిపించాను, ఎంత నాజూకుగా రాశానో మెచ్చుకుంటారని.

"గిండ్ల కాదని యాడ రాసినవ్?" అన్నారు.

"అట్లా మొహం మీద చెప్తే బాధపడుతుంది కదండీ."

"ఆమె బాధపడుతదనా, లేకుంటే ఆమె దగ్గర నువ్వు చెడ్డదానివైతవనా? గది తేల్చుకో ముందు."

నాకు చాలా కోపమొచ్చింది. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నిజం కాబట్టే అంత కోపమొచ్చింది. అయినా సోమవారం ఆ మెయిల్ అలాగే పంపేశాను.

బస్సు దిగి వచ్చిన మనిషి

నేను సెర్బియా నుంచి తిరిగొచ్చిన పదకొండు వారాలకి, ఒక పొద్దున రిసెప్షన్ నుంచి ఫోను. ఎవరో ఆవిడ వచ్చారు, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ లేదు, వెళ్ళమంటే వెళ్ళట్లేదు. కిందికి దిగితే వెస్నా. రెండు బస్సులు మారి వచ్చింది. కాళ్ళ దగ్గర గుడ్డ సంచిలో ఒక పంపు బాడీ, ఇరవై కిలోలైనా ఉంటుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అంత దూరం ప్రయాణం చేసింది.

నేను గబగబా కాఫీ తెప్పించి, ప్రయాణం ఎలా జరిగింది, ఇంట్లో అంతా బాగున్నారా అని మొదలుపెట్టాను. ఆవిడ కాఫీ ముట్టలేదు. ఆ గొంతులు విని విట్‌కే తన గదిలోంచి వచ్చి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారు.

"నువ్వు నచ్చిందన్నావు" అంది వెస్నా నాతో. "నేను ఒక అచ్చుల లైను ఖాళీ చేసి నీకోసం పెట్టా. మా ఊరి నీళ్ళ శాఖ ఆర్డరు తెచ్చింది, వద్దన్నా, నీది వస్తుందని. ఆ ఆర్డరు వేరేవాళ్ళకి పోయింది. ఇంకో రెండు నెలలు ఇట్లాగే ఉంటే కొలిమి ఆర్పేయాలి. ఇరవై రెండు మంది ఇళ్ళకి పోతారు. ఆ రోజు కాదని చెప్పుంటే నేను ఒక్క రోజు ఏడ్చేదాన్ని. నువ్వు నాకు పదకొండు వారాలు తీపి ఉత్తరాలు రాశావు."

నా మొహం మండిపోయింది. విట్‌కే మొహం నాకంటే ఎర్రగా ఉంది. ఆయన అంతవరకు తన పాత ఫ్యాక్టరీ గురించి నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పారు. గోడ కూలాక పడమటి నుంచి కొనేవాళ్ళు వచ్చేవారట. ఫ్యాక్టరీ అంతా తిరిగి, క్యాంటీన్లో తిని, చాలా ఆసక్తిగా ఉంది అని వెళ్ళిపోయేవారట. అలా ఎదురుచూస్తూనే ఏడాది గడిచి, ఒక రోజు గేటుకి తాళం పడిందట.

"నేను పెట్టిన డిపార్ట్‌మెంట్‌లో ఇది జరిగింది" అన్నారాయన. "ఫ్రావ్ కొత్తపల్లి, అవునో కాదో ఇప్పుడు చెప్పండి. ఇక్కడే, ఆవిడ ముందే. మీరు ఏది చెప్తే అది."

వెస్నా సంచి విప్పి బాడీని బల్ల మీద పెట్టింది. నేను చెప్పేలోపు తనే అంచు మీద ఒక చోట వేలు పెట్టి చూపించింది. అక్కడ ఎర్ర సుద్దతో చిన్న గీత.

"ఇక్కడ బుడగ ఉంది. నీళ్ళు రావు, నేను పరీక్ష చేశా. కానీ ఉంది. నువ్వు తెలుసుకోవాలి."

ఆర్డరు పోతే కంపెనీ మూసుకోవాల్సిన మనిషి, శాంపిల్ చూపిస్తూ లోపం ముందు చూపిస్తోంది. మిలాన్ ఆరు బాడీలకీ రంగు వేసి పంపాడు. నేను అతనికి ఎనభై ఎనిమిది, ఈవిడకి నలభై ఒకటి ఇచ్చాను. ఆ క్షణంలో నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ గుర్తుంది. దానితోపాటే ఒక ధైర్యం కూడా వచ్చింది.

"ఆ రోజు మీకు అరవై మార్కులు రాలేదు" అన్నాను. "అప్పుడే కాదని చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది, క్షమించండి. ఇప్పుడు అనిపిస్తోంది, మార్కులు వేసింది కూడా తప్పే. అరవై బాడీల ట్రయల్ ఆర్డరు ఇస్తాను. అవి ప్రెషర్‌కి ఆగకపోతే అదే రోజు, అదే గంటలో కాదని చెప్తాను."

వెస్నా చల్లారిపోయిన ఆ కాఫీ అందుకుని తాగింది.

అరవై బాడీలు

ఆ వారంలోనే మిలాన్ రెండో లారీ వచ్చింది. సగం చెమర్చాయి. ఒక ఊరి నీటి సరఫరాకి వేసవి లోపు పంపులు ఇస్తామని మా కంపెనీ మాటిచ్చి ఉంది. అంటే వెస్నా బాడీలు ఇప్పుడు ఆవిడకెంత అవసరమో మాకూ అంతే అవసరం. గడువు ఆరు వారాలు.

మూడో వారం వెస్నా ఫోను చేసింది. "తొమ్మిది పాడైపోయాయి. ఇసుక మార్చా. నాలుగు రోజులు ఆలస్యం అవుతుంది. నాలుగే, అయిదు కాదు."

మీటింగులో ప్రొడక్షన్ హెడ్ బల్ల గుద్దాడు. మొదటి ఆర్డరులోనే ఇలాగా, ట్రయల్ రద్దు చేసి వేరేవాళ్ళని చూడండి అన్నాడు. పన్నెండు మంది ఉన్నారు గదిలో, అందరూ తలలూపారు. పాత నేనైతే పరిశీలిద్దాం అని తప్పుకునేదాన్ని.

"వద్దు" అన్నాను. "మిలాన్ నాకు ఎప్పుడూ ఆలస్యం గురించి చెప్పలేదు, సరుకు రాలేదని గేటు దగ్గర నేనే తెలుసుకున్నాను. ఈవిడ మూడు వారాల ముందు చెప్పింది. ఈ నాలుగు రోజులకి మనం షిఫ్టులు సర్దుకోవచ్చు. రద్దు చెయ్యొద్దు. ఆగకపోతే నా పేరు రాసుకోండి."

ఇరవై ఏళ్ళ సర్వీసులో మొహమాటం లేకుండా నేను మాట్లాడిన మొదటి మాటలవి. విట్‌కే కాగితం మీద ఏదో గీసుకుంటూ తలెత్తకుండానే, ఆవిడ చెప్పినట్టే చెయ్యండి అన్నారు.

గడువు దాటిన నాలుగో రోజు పొద్దున లారీ గేటు దగ్గర నిలబడింది. అంచులు కోసి, రెండు రోజులు వరసగా బెంచ్ మీద బిగించాం. ఒక్కొక్క బాడీ, నీళ్ళు నింపడం, ప్రెషర్ పెంచడం, పది నిమిషాలు టార్చి లైటుతో చుట్టూ చూడడం. ఇరవై అయ్యాయి. నలభై అయ్యాయి. రెండో రోజు మధ్యాహ్నానికి మా మెషీన్ షాపు వాళ్ళు చేతిలో పని ఆపి బెంచ్ చుట్టూ చేరారు. ప్రొడక్షన్ హెడ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. నేను వెస్నాకి ఫోను కలిపాను. అటువైపు ఫౌండ్రీ చప్పుడు వినపడలేదు, పని ఆపేసి అందరూ ఫోను చుట్టూ ఉన్నారని అర్థమైంది.

యాభై తొమ్మిదోది కూడా ఆగింది. అరవయ్యోది బిగించారు. ప్రెషర్ ముల్లు పైకెక్కి నిలబడింది. పది నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు అంతవరకు తెలియదు. ఆపరేటరు బాడీ కింద అరచేయి పెట్టి చుట్టూ తుడిచి, ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. పొడిగా ఉంది.

"వెస్నా, అరవయ్యీ ఆగాయి" అన్నాను ఫోనులో.

అటువైపు ఇరవై రెండు మంది ఒక్కసారి అరిచిన అరుపుకి నా చేతిలో ఫోను జారిపోయింది. మావాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. జర్మన్ మెషీన్ షాపులో చప్పట్లు విన్నది ఆ ఒక్కసారే. నేను అక్కడే బెంచ్ పక్కన నిలబడి ఏడ్చేశాను, ఎవరేమనుకుంటారని కూడా చూసుకోలేదు. ప్రొడక్షన్ హెడ్ తన జేబురుమాలు ఇచ్చి, మూడు వందల బాడీల ఆర్డరు మీద తనే సంతకం పెడతానన్నాడు. వేసవి లోపు ఆ ఊరికి నీళ్ళు వెళ్ళాయి.

కొత్తగా చేరేవాళ్ళకి

ఆ తర్వాత నేను చెక్‌లిస్టు పారెయ్యలేదు, దాని పై వరసలో మూడు ప్రశ్నలు చేర్చాను. మీ తుక్కు ఎక్కడ పెడతారు? ఆఖరిసారి కస్టమరుకి చెడ్డ వార్త మీరే ఫోను చేసి చెప్పింది ఎప్పుడు? మీరు నెల రోజులు లేకపోతే నాకెవరు జవాబిస్తారు? మొదటిదానికి నవ్వి మాట మార్చే ఓనర్లున్నారు, వాళ్ళతో జాగ్రత్త. రెండోదానికి అలాంటి అవసరమే రాలేదండీ అనేవాళ్ళతో ఇంకా జాగ్రత్త.

చదువు, వయసు, విదేశాల్లో ఉండిరావడం, ఇవి మేనేజరుకి పనికిరావని కాదు. జర్మనీలో కొన్నాళ్ళు పనిచేసి వెనక్కి వెళ్ళినవాళ్ళకి పొద్దున ఏడు గంటలంటే ఏడేనని తెలుస్తుంది, అది చాలా పెద్ద సుగుణం. వెస్నా స్టుట్‌గార్ట్‌లో గడిపిన చిన్నతనమే ఆవిణ్ణి బస్సెక్కించిందని నా నమ్మకం. ఈ దేశంలోకి రావడానికి భయపడలేదు. వయసు పైబడినవాళ్ళు ఎగుమతులు చెయ్యలేరని కొందరు అంటారు. నా అనుభవంలో పాత ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి వచ్చినవాళ్ళు రెండు రకాలు. పైవాళ్ళకి అంతా బాగుందని చెప్పడం నేర్చుకున్నవాళ్ళు కొందరు, పాడైన సరుకుని డైరెక్టరు మళ్ళీ చూడమంటే మళ్ళీ చూసి మళ్ళీ ఫెయిల్ చేసినవాళ్ళు కొందరు. ఆ రెండో రకం వాళ్ళు కనిపిస్తే గట్టిగా పట్టుకోండి.

మిలాన్‌ని కూడా వదిలెయ్యలేదు. ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మొదట మొహం ముడుచుకున్నాడు, తర్వాత మేస్త్రి సంగతి ఒప్పుకున్నాడు. పంపు బాడీలు మానేసి చిన్న మూతలు పోస్తున్నాడు ఇప్పుడు, బాగానే చేస్తున్నాడు. పండక్కి ఫోను చేసినప్పుడు, ఈ మధ్య కస్టమర్లకి ప్రాబ్లమ్స్ చెప్పడం నేర్చుకున్నాను మేడమ్ అని నవ్వాడు.

నిఖితా, మన పిల్లలు ఈ పనిలో రాణిస్తారు. మనుషులతో కలిసిపోవడం మనకి బాగా వచ్చు, భోజనానికి పిలిస్తే వెళ్ళి కడుపునిండా తినే అలవాటు మనకుంది, వాళ్ళకీ అది నచ్చుతుంది. తినండి. తిన్నాక చెప్పాల్సింది చెప్పండి. ఎదుటివాళ్ళ మేలు కోరి ఊరుకుంటున్నామనుకుంటాం, నిజానికి మన మంచిపేరు కాపాడుకోవడానికి ఊరుకుంటాం. నాకు అది నేర్పడానికి ఇరవై ఏళ్ళూ, ఒక మనిషి రెండు బస్సులు మారి రావడమూ కావలసి వచ్చింది.

చివరి వారం

నేను రిటైరయ్యే వారం. విట్‌కే స్థానంలో అప్పటికే కొత్త మేనేజరు ఉన్నాడు, కుర్రవాడు, చురుకైనవాడు. అనుకోకుండా పెద్ద ఆర్డరు వచ్చిందని, వెంటనే నూట యాభై బాడీలు ఎక్కువ కావాలని పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మీరడిగితే వెస్నా కాదనరు. మీరే కదా ఆవిణ్ణి పైకి తెచ్చింది" అన్నాడు.

పైకి తెచ్చింది నేను కాదని చెప్పి, ఫోను చేశాను. ఆ రేకుల షెడ్డు ఎప్పుడో పోయింది, ఇప్పుడు మూడు కొలిములు, డెబ్భై మంది పైన. ఆవిడ జర్మన్ కూడా పెద్దదైంది, అయినా నన్ను నువ్వే అంటుంది.

"నూట యాభై, ఆరు వారాల్లో కావాలి వెస్నా. ఇది నా ఆఖరి వారం" అన్నాను. ఆ రెండో ముక్క కావాలనే అన్నాను, సిగ్గుపడుతూనే.

ఆవిడ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"కాదు. హాలండ్ వాళ్ళకి, డెన్మార్క్ వాళ్ళకి మాటిచ్చా. కొలిములు వసంతం దాకా నిండిపోయాయి. నీకోసం వాళ్ళది ఆపలేను. ఏప్రిల్లో ఇస్తా, అది కావాలంటే చెప్పు."

ఒకప్పుడు మా జవాబు కోసం కొలిమి ఆర్పుకునే దాకా ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు మా కంపెనీకి ఖాళీ లేదంటోంది. నేను ఏప్రిల్‌కి ఒప్పుకుని, మంచీ చెడూ మాట్లాడి ఫోను పెట్టేశాను.

"ఏమన్నారు?" అన్నాడు కొత్త మేనేజరు ఆత్రంగా.

"కాదంది" అన్నాను. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను అందుకున్న అతి గొప్ప జవాబు అదేనని ఆ అబ్బాయికి చెప్పాలంటే, ఇదంతా రాయాల్సి వచ్చేది.